వైద్యవిద్యలో రోగి మాట: ‘ఏట్‌కామ్’ పాఠ్యక్రమముపై ఒక విమర్శ

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో పనిచేయు కూలీ యొకడు క్షయకు మందు వాడుచున్నాడనుకొందము. రిఫాంపిసిన్ అను మందు మూత్రమునకు నారింజ, ఎరుపు కలిసిన రంగు నిచ్చును. అది మందు రంగే కాని కీడు కాదు. కూలీ మాత్రము ‘మందు వేడి చేసింది’ అని తలచి మాత్రలు మానివేయవచ్చును. ఈ చికిత్స సాధారణముగ 6 నెలలు సాగవలెను. నడుమ మానినచో రోగము తిరుగబెట్టుటయే గాక, మందులకు లొంగని క్షయగా మారు ప్రమాదము కలదు. వైద్యుడు థర్మామీటరు పెట్టి ‘నీకు వేడి లేదు’ అన్నంత మాత్రమున చిక్కు తీరదు. ఇరువురు వాడిన మాట ఒక్కటే; అర్థములు వేరు.

ఈ ఎడమును తగ్గించుటకు వైద్యవిద్యార్థులకు నేర్పుచున్న దేమి? భారత వైద్య మండలి 2018లో ‘ఏట్‌కామ్’ పాఠ్యక్రమమును వెలువరించినది. వైఖరి, నీతి, సంభాషణ అను మూడింటిని గూర్చి ఇందు 27 పాఠములు కలవు. 2019లో చేరిన విద్యార్థులతో ఇది అమలులోనికి వచ్చినది. రోగితో మాటాడుట పుట్టుకతో వచ్చు గుణము కాదనియు, అభ్యసింపదగిన విద్య యనియు గుర్తించుట దీని గొప్ప. ‘రోగి యగుట యనగా నేమి?’ అను ప్రశ్నను ఆరంభముననే ఉంచుట మెచ్చదగినది.

అయితే దేశమంతటికిని గ్రంథ మొక్కటే. అదియు ఇంగ్లీషులో నున్నది. పల్నాటి మిరప రైతు మాటగాని, తండాలోని లంబాడీ తల్లి మాటగాని అందు దొరకదు. ఆ వెలితిని కళాశాల అధ్యాపకులే పూరింపవలెను. అట్లని ‘ఫలానా వారి ఆచారములు’ అని పట్టిక వ్రాసి వల్లె వేయించుట మరింత హాని. ఒకే ఇంటిలోని తల్లియు కూతురును ఒకే రీతిగా తలపరు. అమెరికాలో టెర్వలాన్, మర్రే-గార్సియా అను వైద్యురాండ్రు 1998లోనే ఈ సంగతి చెప్పిరి. రోగి సంస్కృతి నంతయు నేర్చితి ననుకొనుట కంటె, తన తలపులను తానే ప్రశ్నించుకొను వినయము వైద్యునకు ముఖ్యమని వారి వాదము. ‘ఈ జబ్బు ఎందువలన వచ్చిందనుకొంటున్నారు?’ అని రోగినే అడుగు పద్ధతిని క్లైన్‌మన్ మున్నగువారు 1978లో సూచించిరి.

ఆటలమ్మ సోకిన యింట వేపమండలు కట్టి, పరులను రానీయని ఆచారము మనకు తెలిసినదే. దానిని మూఢత్వమని నవ్విన విద్యార్థికి ఆ ఇంటివారు మరి నోరు విప్పరు. పరులను దూరముగ నుంచుట అంటురోగ శాస్త్రమునకు అనుకూలమే. దానిని మెచ్చుకొని, ‘ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉన్నారా?’ అని అడిగినచో, ఒక ప్రాణమునకే మేలు కలుగవచ్చును. గర్భిణికి ఆ వ్యాధి అపాయకరము.

2022 నుండి వైద్యవిద్యార్థులు గ్రామములలో కొన్ని కుటుంబములను దత్తత తీసికొను ఏర్పాటు వచ్చినది. ఈ పాఠములకు తగిన తరగతి గది అదియే. విద్యార్థి ఎంత చెప్పెనని గాక, రోగి ఏమి గ్రహించెనని అచ్చట పరీక్షింపవలెను. ‘ఈ మాత్రలతో మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు, భయపడి మానవద్దు’ అని తొలినాడే చెప్పగలిగినవాడే ఆ పరీక్షలో ఉత్తీర్ణుడు.