అతిథికి వడ్డించిన ఐర్లండు

ఐర్లండు సందర్శించే పర్యాటక బృందాల కార్యక్రమ పత్రంలో తరచు ఒక సాయంత్రం "సంప్రదాయ విందు, సంగీతం, నృత్యం" కోసం కేటాయించబడి ఉంటుంది. బస్సు దిగిన అతిథులు పొడవాటి బల్లల ముందు కూర్చుంటారు. గొర్రెమాంసపు కూర, ఉడికించిన బంగాళాదుంపలు, సోడా రొట్టె వడ్డిస్తారు. చివరగా విస్కీ కలిపి మీగడ పోసిన కాఫీ వస్తుంది. ఫిడేలు, వేణువు, బొడ్రాన్ అనే మేకతోలు వాద్యం మోగుతుండగా, చేతులు కదపకుండా పాదాలతోనే లయను పలికించే నర్తకులు వేదిక ఎక్కుతారు.

ఇదంతా కృత్రిమమని కొట్టివేయడం తేలిక. అయితే ఆ విమర్శ చరిత్ర ముందు నిలవదు. ఇటువంటి సాయంత్రాలకు మార్గదర్శకమైన బన్రాటి కోట విందు 1963లో ఆరంభమైంది. జెట్ విమానాలు ఇంధనం కోసం షానన్‌లో ఆగవలసిన అవసరం తగ్గిన కాలమది. ప్రయాణికులను ఆ ప్రాంతంలో నిలుపుకోవడానికి విమానాశ్రయ అభివృద్ధి సంస్థ చేసిన ప్రయత్నాల్లో ఆ విందు ఒకటి. అంతకుముందు సంప్రదాయం స్వచ్ఛంగా ఉండేదా అంటే అదీ లేదు. "కేలీ" అనే నృత్యసభను ఆ పేరుతో గేలిక్ లీగ్ మొదట ఏర్పాటు చేసింది 1897లో, అదీ లండన్ నగరంలో. షికాగో పోలీసు అధిపతిగా ఉన్న ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 బాణీలతో వెలువరించిన సంకలనం వాద్యకారులకు ప్రామాణిక గ్రంథమైంది. 1994 యూరోవిజన్ పోటీల విరామంలో ఏడు నిమిషాలపాటు సాగి ప్రపంచాన్ని ఆకట్టుకున్న "రివర్‌డాన్స్" ప్రధాన నర్తకులిద్దరూ అమెరికాలో పుట్టినవారే. దూరాన ఉన్నవారి కోసం, దూరాన ఉన్నవారి చేత రూపుదిద్దుకోవడం ఈ సంప్రదాయ లక్షణాల్లోనే ఒకటి.

ఆ పునరుజ్జీవన వాతావరణం తెలుగునాటికీ పూర్తిగా అపరిచితం కాదు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేసిన జేమ్స్ కజిన్స్, 1919లో అక్కడే జనగణమన బాణీకి స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్స్ ఆ తరం ఐరిష్ దంపతులు.

కాబట్టి లోపం నకిలీతనంలో లేదు, అతిథిని కూర్చోబెట్టడంలో ఉంది. పల్లె ఇళ్ల వంటగదుల్లో జరిగిన నృత్యాల్లో ప్రేక్షకుడంటూ ప్రత్యేకంగా ఎవరూ ఉండేవారు కారు. ఒకరు వాయిస్తే ఇరుగుపొరుగు ఆడేవారు. అలసినవారు పక్కకు జరిగితే మరొకరు చేరేవారు. అక్కడ విశేషంగా ఆడిన "సెట్" నృత్యాలు ఫ్రెంచి క్వాడ్రిల్ నుంచి వచ్చినవని గేలిక్ లీగ్ వాటిని పరాయివిగా పక్కనపెట్టింది. 1935 నాటి నృత్యశాలల చట్టం బహిరంగ నృత్యాలకు న్యాయస్థానపు అనుమతిని తప్పనిసరి చేసింది. దాని అమలులో మతాచార్యులు, పోలీసులు చూపిన అత్యుత్సాహం ఇంటి నృత్యాలకూ తగిలింది. వంటగది నుంచి వేదికకు జరిగిన ఈ ప్రయాణానికి పర్యాటకుడొక్కడే బాధ్యుడు కాడు.

భోజనాల బల్ల మరొక విషయంలోనూ మౌనం వహిస్తుంది. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు తెచ్చిన కరవులో దాదాపు పది లక్షల మంది మరణించారు. అంతకు తగ్గని సంఖ్యలో దేశం విడిచారు. అదే దుంప వెన్నతో నోరూరిస్తుండగా వలసపాటలు మధురమైన విషాదంగా వినిపిస్తాయి. విందువేళ కరవు కథ చెప్పమనడం మర్యాద కాకపోవచ్చు. కాని ఆ పాటలు ఎందుకు పుట్టాయో ఒక్క మాటైనా చెప్పకపోతే అవి జీర్ణానికి తోడ్పడే వినోదంగానే మిగులుతాయి. ఆ కరవు బాగా దెబ్బతీసిన ఐరిష్ భాష చాలాచోట్ల స్వాగత వాక్యానికే పరిమితం కావడం అంతకన్నా పెద్ద లోటు.

ఇటువంటి సాయంత్రాల్లో మెచ్చదగిన ఘట్టం అతిథులను లేపి ఆడించడం. "సీజ్ ఆఫ్ ఎన్నిస్" అనే నృత్యంలో నలుగురేసి వరుసలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఒక వరుస చేతులెత్తి తోరణం కడితే మరొక వరుస దాని కిందుగా సాగి కొత్త వరుసను కలుసుకుంటుంది. అడుగు తప్పినా ఆట ఆగదు. పక్కవారు చేయిపట్టి లాగుతారు. ఆ కాసేపూ సభ మళ్లీ వంటగది అవుతుంది. నిర్వాహకులు దీనికి చివర కొద్ది నిమిషాలు విదిలించడం మాని, విందుకు ముందే నేర్పితే మేలు.

అందుకు నమూనా బన్రాటి ఉన్న క్లేర్ జిల్లాలోనే ఉంది. పైపు వాద్య విద్వాంసుడు విల్లీ క్లాన్సీ పేర 1973 నుంచి మిల్‌టౌన్ మాల్బేలో వేసవి పాఠశాల నడుస్తున్నది. జూలైలో వచ్చేవారు పగలు తరగతుల్లో నేర్చుకుంటారు, రాత్రి మద్యశాలల్లో కలిసి వాయిస్తారు. ఒకప్పుడు పరాయివని పక్కనపెట్టిన సెట్ నృత్యాలకూ అక్కడ తరగతులున్నాయి.