మలీర్ జైలు, సిహనౌక్‌విల్ గది

ఏ దేశమైనా తన గడ్డమీద విదేశీయులు చేసిన నేరాలను లెక్కకట్టినప్పుడు ఆ అంకెల్లో శ్రీకాకుళం, విజయనగరం మనుషులూ ఉండవచ్చు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన మత్స్యకారులు ఒకవైపు, 2024 మేలో కంబోడియా నుంచి బయటపడిన ఉత్తరాంధ్ర కుర్రాళ్లు మరోవైపు. మొదటి కథ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు, ‘తండేల్’ సినిమా దాన్ని ఇంటింటికీ చేర్చింది. రెండోది పేపర్లో చదివి మరిచిపోయాం. నాకు మాత్రం ఒకటి తలుచుకుంటే రెండోది గుర్తుకొస్తుంది.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు నిలిపే హార్బరు లేక ఏటా వేలమంది ఊళ్లు వదిలి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి, అక్కడి యజమానుల బోట్లెక్కుతారు. 2018లో అలా వెళ్లినవాళ్లే కరాచీలోని మలీర్ జైలుకు చేరారు. మధ్యలో 2019 ఆగస్టు కశ్మీర్ పరిణామాలతో రెండు దేశాల మధ్య మాటలు తెగిపోయాయి. చివరికి 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. వాళ్ల నేరం ఒక గీత దాటడం. గుజరాత్, సింధ్ మధ్య ఉన్న సర్ క్రీక్ దగ్గర ఆ గీత ఎక్కడుందో రెండు ప్రభుత్వాలకే ఇప్పటికీ కుదరలేదు. సముద్రంలో ఒక దేశానికున్న ప్రత్యేక ఆర్థిక మండలి (EEZ)లో చేపల వేట నిబంధనలు మీరితే, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు జైలుశిక్ష వేయకూడదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం చెబుతోంది. రెండు దేశాలూ ఆ చట్టాన్ని ఆమోదించినవే.

కంబోడియా వెళ్లినవాళ్ల సంగతి అలా కాదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, టూరిస్టు వీసా మీద విమానం ఎక్కించారు. దిగాక పాస్‌పోర్టులు లాక్కున్నారు. చైనా ముఠాల కింద కూర్చోబెట్టి, కొరియర్ పార్సిల్లో మత్తుమందు దొరికిందని బెదిరించడం, పెట్టుబడి పేరిట ఊరించడం నేర్పారు. ఫోన్‌కు అవతల ఉన్నది మనదేశం వాళ్లే. 2024 మే 20న సిహనౌక్‌విల్‌లో సుమారు 300 మంది భారతీయులు తిరగబడ్డారు, ఆ తర్వాతే విశాఖ విమానాశ్రయానికి మనవాళ్లు ఒక్కొక్క జట్టుగా చేరారు. కంబోడియాలో ఇలా చిక్కుకున్నవాళ్లు కనీసం లక్షమంది ఉంటారని 2023లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం అంచనా.

ఇద్దరూ ఒకటే అనడం సులువు, కానీ అది నిజం కాదు. మత్స్యకారుడి నేరంలో నష్టపోయినవాడు లేడు, కుర్రాడి నేరంలో ఉన్నాడు. పింఛను సొమ్మంతా ఒక్క ఫోన్‌కాల్‌లో పోగొట్టుకున్న ముసలాయన ముందు నిలబడి ఆ కుర్రాడు అమాయకుడని నేను చెప్పలేను. అలాగని వాణ్ని వట్టి నేరగాడనీ అనలేను. టార్గెట్ చేరకపోతే తిండి ఆపి కొట్టే చోట కూర్చున్న మనిషి ఇష్టపడి మోసం చేశాడా అని అడగాలి. మనుషుల అక్రమ రవాణాకు బలైనవాళ్ల చేత బలవంతంగా చేయించిన నేరానికి వాళ్లను శిక్షించకూడదనే సూత్రం అంతర్జాతీయంగా ఉన్నదే.

వాళ్లిద్దరి చుట్టరికం ఇంటి దగ్గర మొదలవుతుంది. మత్స్యకారుడు సీజను మొత్తానికి అడ్వాన్సు తీసుకుని వెళ్తాడు, కుర్రాడు అప్పు చేసి ఏజెంటుకు కట్టి వెళ్తాడు. అక్కడ అప్పు మోసేదీ, ఇక్కడ మోసేదీ ఊళ్లో ఉన్న ఆడవాళ్లే. వెళ్లడం ఇద్దరికీ ఇష్టమే అంటారు, కానీ హార్బరు ఉంటే అతనూ, డిగ్రీకి తగ్గ పని జిల్లాలో దొరికితే ఇతనూ అసలు వెళ్లేవాళ్లా?

తేడా తిరిగొచ్చాక ఇంకా పెరిగింది. మత్స్యకారులకు ప్రభుత్వం తలకు 5 లక్షలు ఇచ్చింది, అది న్యాయమే. కాగా కంబోడియా నుంచి వచ్చినవాళ్లకు దక్కింది పోలీసు విచారణ, ఊళ్లో గుసగుసలు.

భారత, పాకిస్తాన్‌లు 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. 2025 జనవరి 1 జాబితాల్లో పాకిస్తాన్ జైళ్లలో మన మత్స్యకారులు 217 మంది, మన జైళ్లలో వాళ్ల మత్స్యకారులు 81 మంది. సాధారణ ఖైదీల నుంచి వీళ్లను వేరుచేసి రాయడం నాకు విలువైన సంగతిగా తోస్తుంది. పగ ఉన్న రెండు ప్రభుత్వాలు కూడా వీళ్ల నేరం వేరు అని కాగితం మీద ఒప్పుకున్నాయి. ఆ 81 మంది భార్యలు కూడా మన శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం గ్రామం ఆడవాళ్లలాగే ఎదురుచూస్తుంటారు. మనదేశంలో విదేశీయులపై పెట్టే కేసుల్లోనూ పెద్ద భాగం వీసా గడువు, పత్రాల తగాదాలే. అందుకే ఏ దేశంలోనైనా విదేశీయుల నేరాలు పెరిగాయని అంకె చూపితే, గీత దాటినవి ఎన్ని, మనిషికి హాని చేసినవి ఎన్ని అని విడదీసి అడగాలి.

సిహనౌక్‌విల్ కుర్రాళ్లకు ఇంకా అలాంటి ప్రత్యేక గడి ఏ జాబితాలోనూ లేదు. బాధితుడో నిందితుడో ఒక్కటే రాయాల్సి వస్తోంది. ఏజెంటుకు ఎంత కట్టాడు, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంది, తలుపు బయట ఎవరు కాపలా ఉన్నారు అన్న మూడు ప్రశ్నలు ప్రతి కేసు డైరీలో మొదటి పేజీలోనే రాయాలి. ఏజెంటు మన జిల్లాల్లోనే తిరుగుతున్నాడు, వాణ్ని పట్టుకోవడానికి ఏ సరిహద్దూ దాటనక్కరలేదు.