నొప్పికి మార్కులు

"ఎలా ఉంది బావగారూ?" అంటే "ఫర్వాలేదు" అంటారాయన. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసిన మనిషి, ఒంటి బాధ నోరు విప్పి చెప్పుకోవడం అలవాటు లేదు. ఊపిరితిత్తుల్లో మొదలైన క్యాన్సర్ వెన్నుపూసల్లోకి పాకింది. ఈ జబ్బులో "ఫర్వాలేదు" అన్నారు కదా అని ఊరుకోకూడదు.

అందుకే విశాఖ సీతమ్మధారలో మా అక్క ప్రశ్నే మార్చేసింది. సున్నా నుంచి పది దాకా నొప్పికి ఎన్ని మార్కులు? పడుకుంటే పెరుగుతోందా? దగ్గితే పొడుస్తోందా? తర్వాత కళ్లు మూసుకోమని పాదాల మీద దూదితో రాస్తుంది, ఎక్కడ తగిలిందో చెప్పమంటుంది. బాత్రూం దాకా పక్కనే నడుస్తూ చెప్పు జారుతోందా, మోకాలు వదిలేస్తోందా అని కనిపెడుతుంది. మూత్రం ధారగా వస్తోందా అని మొహమాటం లేకుండా అడుగుతుంది. జవాబులన్నీ పాల లెక్క రాసే పుస్తకంలోనే.

పూసలో పెరిగిన గడ్డ వెన్నుపామును నొక్కడం మొదలుపెడితే గంటల్లో కాళ్లు పోవచ్చు. తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం ఆగినా "తెల్లారనీ, చూద్దాం" అనుకోవద్దు. వెన్నంతటికీ ఎమ్మారై, డెక్సామెథాసోన్, ఆపైన ఆపరేషనో, కరెంటు పెట్టడమో (అంటే రేడియేషన్). నడవగలిగినప్పుడే వైద్యం అందినవాళ్లలో ఎక్కువమంది నడుస్తూనే ఉంటారు. కాళ్లు పూర్తిగా పడిపోయాక లేచి నడవడం అరుదు. టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది గాజువాక దాటాక, అగనంపూడిలో. ఎక్కడ చూపించుకుంటున్నా సరే, అర్ధరాత్రి ఫోన్ నంబరు వెతుక్కునే పరిస్థితి రాకూడదు. అక్కావాళ్ల లిఫ్టులో స్ట్రెచర్ పట్టదు. మెట్ల మీంచి ఎలా దించాలో వాచ్‌మన్‌తో ముందే మాట్లాడి పెట్టుకుంది.

నరానికి ముప్పు లేని ఉత్త ఎముక నొప్పికైతే ఒక్కసారి 8 గ్రే కరెంటు పెట్టినా చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. పదిసార్లు తిరిగే ఓపిక లేనివాళ్లు డాక్టర్ని ఈ మాట తప్పక అడగాలి.

మార్ఫిన్ పేరెత్తితే మాత్రం చుట్టాలు ఉలిక్కిపడతారు. ఆసుపత్రులు దాన్ని తెప్పించుకోవడం సులువయ్యేలా 2014లో చట్టాన్ని సవరించారు. ఇళ్లలో భయం ఇంకా సడలలేదు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా డాక్టరు చెప్పిన వేళకు వెయ్యాలి, మలబద్ధకానికి మందు దానితోపాటే మొదలుపెట్టాలి. పక్కింటాయన "అలవాటైపోతుందేమోనమ్మా" అని సందేహపడితే అక్క అంది: "కూర్చునే తెల్లారుస్తున్నారు అన్నయ్యగారూ. ముందు ఆయన్ని పడుకోనివ్వండి."