ఆంగ్లమున ‘టేస్టు’ శబ్దము: వాచ్యలక్ష్యార్థ విచారము

ఆంగ్లేయభాషలోని ‘టేస్టు’ శబ్దమునకు ‘రుచి’ యని యొక్కమాటతో నర్థము చెప్పి ముందునకు సాగుట మన పాఠశాలలలో వాడుక. భోజనవిషయమున నిది చాలును. కాని యా భాషీయులు పాటకును, కట్టుబట్టకును, పరిహాసమునకును, గోడల రంగునకును గూడ నీ శబ్దమునే నిత్యము వాడుదురు. అందేది వాచ్యము, ఏది లక్ష్యము?

ఈ శబ్దము ప్రాచీన ఫ్రెంచినుండి వచ్చినది. మూలమునఁ దాఁకి చూచుట, పరీక్షించుట యని యర్థము. మధ్యకాలపు టాంగ్లమునను చేతితోఁ దాఁకుట యను నర్థము కలదు. అంతమాత్రమున నాలుకతోఁ జవిచూచుట లాక్షణికమనరాదు. ‘కుశల’ శబ్దమును గూర్చిన మన యాలంకారికుల వాదమిచటఁ బనికివచ్చును. దర్భలను గైకొనువాఁడను వ్యుత్పత్తినిబట్టి ‘నేర్పరి’ యను నర్థము రూఢిలక్షణ యని మమ్మటుఁడు; వ్యుత్పత్తినిమిత్తము వేఱు, ప్రవృత్తినిమిత్తము వేఱు గావున నది ముఖ్యార్థమే యని విశ్వనాథుఁడు. కానిచో, గమనార్థకధాతువునుండి పుట్టిన గోశబ్దమునకు ఆవు పరుండినపుడెల్ల లక్షణ చెప్పవలసివచ్చును. విశ్వనాథుని పక్షమే నాకు సమంజసముగాఁ దోఁచుచున్నది.

ఈ న్యాయమునే యింకొక మెట్టు గొనిపోవచ్చును. 1712లో ఆడిసన్ ‘స్పెక్టేటరు’ పత్రికలో మనోవిషయమైన టేస్టును రూపకమనియే తలఁచి వివరించెను. నేఁడో, ‘అతనికి సంగీతమున టేస్టు కలదు’ అను వాక్యము వినువానికి జిహ్వ స్ఫురింపనే స్ఫురింపదు. ముఖ్యార్థబాధ లేనిచోట లక్షణకుఁ దావెక్కడిది? వివేచనాశక్తి యనునది యీ శబ్దమునకు స్వతంత్రమైన వాచ్యార్థమే యైనది.

దీనికి వ్యాకరణమే సాక్షి. ‘ఆఫ్’ తోడి టేస్టు స్వల్పానుభవమును దెలుపును: జున్నునకైనను స్వాతంత్ర్యమునకైనను నదియే. ‘ఫర్’ చేరిన నిష్టము, ‘ఇన్’ చేరిన వివేచనము. మన విభక్తులు చేయు పనిని ఆ చిన్నమాటలు చేయుచున్నవి. తద్ధితరూపములును విడిపోయినవి, ‘టేస్టీ’ వంటకమునకు, ‘టేస్టుఫుల్’ గృహాలంకారమునకు. ‘టేస్టులెస్’ మాత్రము ఉప్పులేని చారునకును, సభ్యతలేని పరిహాసమునకును సమానముగా నూడిగము చేయును. క్రియారూపమున వివేచనార్థము లేదు. విజయమును టేస్టుచేసితి మందురు, అచట లక్షణ సజీవము. సంగీతమును టేస్టుచేసితినన్నచో ‘దాని గుణదోషముల నెఱిఁగితిని’ అని యర్థము రాదు.

మన ‘రుచి’ యట్టిది కాదు. రుచధాతువునకు దీప్తి, ప్రీతి యర్థములు. రుచ్యర్థకముల యోగమునఁ బ్రీతినొందువాఁడు సంప్రదానమని పాణిని విధించెను. నాకు మోదకము రుచించుననుటలో మోదకమే కర్త, నేను ప్రీతిమంతుఁడనేగాని పరీక్షకుఁడను గాను. ఈ భేదమెఱుఁగక వివేచనార్థమునకును ‘రుచి’ యనుటచేత విమర్శకే కీడు వచ్చుచున్నది. కావ్యదోషమును జూపఁగానే, టేస్టులను గూర్చి వాదము కూడదను పాశ్చాత్యుల నానుడిని కొందఱు అడ్డుపెట్టుదురు. ఆ నానుడి ‘ఫర్’ తోడి టేస్టునకుఁ జెల్లును. దానిని ‘ఇన్’ తోడి టేస్టునకుఁ దార్చుట శబ్దచ్ఛలము.

జిహ్వావిషయమునను వాదము లేకపోలేదు. హ్యూము 1757లో టేస్టును గూర్చిన వ్యాసమున ‘డాన్ క్విక్సోట్’ లోని కథ నొకదానిని జెప్పెను. పీపాలోని ద్రాక్షాసవమును జూచి యొకఁడు తోలువాసన గలదనెను, వేఱొకఁడు ఇనుమువాసన గలదనెను. అందఱును నవ్విరి. పీపా ఖాళీయైన పిదప నడుగునఁ దోలుపట్టెతోఁ గట్టిన తాళపుచెవి కానవచ్చినది! అది యిష్టానిష్టముల మాట కాదు, ఎఱుక మాట.

కాళిదాసీ విభాగమును జక్కఁగా నెఱిఁగినవాఁడు. రఘువంశము నాఱవసర్గమున ఇందుమతి అంగరాజును విడిచి ముందునకు సాగినపుడు, లోపము రాజునందును లేదు, ఆమె పరీక్షాశక్తియందును లేదు, రుచిభేదమే కారణమనెను. పరీక్షాశక్తిని వేఱుగాఁ బేర్కొనియే రుచిని జెప్పుట గమనింపుఁడు.

కావున ననువాదకులు ‘ఫర్’ ఉన్నచోట అభిరుచి యనవచ్చును. ‘ఇన్’ ఉన్నచోటఁ గావ్యసంగీతములకు రసజ్ఞత తగును. వస్త్రాదులకు రసజ్ఞత యనుట నవ్వుఁబాటు, సొగసెఱుఁగుట యన్నఁ జాలును. ఇఁక ‘బ్యాడ్ టేస్టు’ పరిహాసమునకు చెడురుచి యని వ్రాయుచున్నారు. క్షేమేంద్రుఁడు చూపిన ‘అనౌచిత్యము’ మనకుండఁగా నా యెరవు మాట యేల?