'మయూరి' చిత్రం - కృత్రిమ పాదం

సుధా చంద్రన్ జీవితాన్ని ఆధారం చేసుకొని సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన 'మయూరి' 1985లో విడుదలైంది. ప్రమాదంలో కాలు పోగొట్టుకొన్న నర్తకి కృత్రిమ పాదంతో మళ్ళీ రంగస్థలం ఎక్కడమే ఇందలి కథ. ఆ పాత్రను ఆమే ధరించడంవల్ల చిత్రానికి కల్పన ఇవ్వలేని బలం చేకూరింది. అయితే విజ్ఞాన దృష్టితో చూచినపుడు ఒక లోటు కనిపిస్తుంది. విజయాన్నంతా చిత్రం సంకల్పానికే కట్టబెట్టింది. పాదానికి రావలసిన వాటా రాలేదు.

ఆ పాదం ఎటువంటిది? 1968 ప్రాంతంలో జైపూరులో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పకారుడు రామచంద్ర శర్మ కలిసి రూపొందించినది. అంతకుముందు విదేశాలనుండి వచ్చిన పాదానికి చీలమండవద్ద కదలిక లేదు. దానిపై బూటు తొడగవలసి ఉండేది. గొంతుకు కూర్చొనే, బాసింపట్టు వేసుకొనే, వట్టికాళ్ళతో పొలంలో నడిచే మనవారికి అది గుదిబండ అయింది. జైపూరు పాదంలో మడమ, ముందుభాగం స్పాంజి రబ్బరుతోను, చీలమండ భాగం కొయ్యతోను చేసి, పైన గట్టి రబ్బరు పొరలు చుట్టి అచ్చులో ఉడికిస్తారు. అందుచేత అది అన్ని వైపులకూ కొంత వంగుతుంది, నీటికి చెడదు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభవంటి చోట్ల భరతనాట్యం చూచినవారికి ఈ వంపు విలువ తెలియగలదు. అరమండిలో మోకాళ్ళు వంగినపుడు చీలమండ కూడ వంగవలె. అది బిగిసి ఉంటే మడమ నేలనుండి లేచిపోతుంది. సుధా చంద్రన్‌కు మోకాలు మిగిలి ఉండడం కూడ పెద్ద ఆధారమే. ఇక రబ్బరుకు స్పర్శ లేదు కనుక, అడుగు నేలను తాకినదీ లేనిదీ మోడుపై పడే ఒత్తిడిని బట్టి గ్రహించవలె. సంకల్పం, సాధన కావలసినది ఇక్కడనే.

కాని మోడును పట్టి ఉంచే తొడుగు సరిగా అమరకపోతే పుండ్లు పడతాయి. మోడు క్రమంగా సన్నబడుతుంది కనుక తొడుగును మార్చవలసి వస్తుంది కూడ. అమరని తొడుగుతో ఎంతటి పట్టుదల గలవారైనా నడవలేరు. చిత్రం చూచివచ్చి, అటువంటివారిని "మనసు పెట్టలేదు" అనడం అన్యాయం.

2025 జూలైలో బీబీనగర్ ఎయిమ్స్, హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్. కలిసి కార్బన్ పోగుల పాదాన్ని వెలువరించాయి. దిగుమతి పాదం సుమారు 2 లక్షల రూపాయలుండగా, దీని ధర 20 వేల లోపు ఉండగలదని అంచనా. ఇటువంటి పాదం విల్లువలె వంగి, అడుగు ఎత్తేటపుడు కొంత శక్తిని తిరిగి ఇస్తుంది. ఇది సంతోషించదగిన ప్రగతి. అయినా, పాదాలను వేలకొలది ఒకే అచ్చులో తీయవచ్చును. తొడుగును మాత్రం ఒక్కొక్కరికి విడిగా కొలిచి చేయవలసినదే. ఆ పని తెలిసినవారు జిల్లా ఆసుపత్రులన్నిటిలో ఉన్ననాడే చవక పాదం నిజంగా చవక అవుతుంది.