పత్రికావాక్యము ప్రమాణమగునా?

మొన్న మా పాఠశాలలో విరామకాలమున ఇద్దఱు సహోపాధ్యాయులు వాదించుకొనుచుండగా మేము వింటిమి. ఒక ఔషధపరిశోధనా సంఘముయొక్క షేరులను గొనవచ్చునా కూడదా యని వాదము. "ఇంత పెద్ద పత్రిక వ్రాసినదండీ, అబద్ధమెట్లగును?" అని యొకరు. "పత్రికలన్నియు సొమ్ము పుచ్చుకొని వ్రాయునవే" యని వేఱొకరు. విచారింపగా ఇద్దఱును ఆ వ్యాసమును తుదిముట్ట చదివినవారు కారు. ఒకరు శీర్షికను జూచి నమ్మిరి. ఒకరు శీర్షికను జూచి త్రోసివేసిరి. వార్తనుగూడ కావ్యమువలెనే విమర్శించి చదువవలెనని మా యభిప్రాయము. అట్టి పఠనమెట్లుండునో చూపుటకై లోకప్రసిద్ధమైన యొక వార్తను గ్రహింతము.

1998 సంవత్సరము మే 3వ తేది ఆదివారమున అమెరికాలోని న్యూయార్కు టైమ్సు పత్రిక మొదటి పుటలో నొక పెద్ద వ్యాసమును ప్రకటించెను. వ్రాసినవారు జీనా కోలాటా యను విజ్ఞానవిలేఖకురాలు. బోస్టను నగరమందలి శిశువైద్యశాలలో జూడా ఫోక్మన్ అను శస్త్రవైద్యుడు చిరకాలమునుండి యొక సిద్ధాంతమును బట్టి పనిచేయుచుండెను. రాచపుండు గడ్డ పెరుగుటకు నెత్తురు కావలెను. అందులకై అది క్రొత్త రక్తనాళములను తనవైపునకు రప్పించుకొనును. ఆ నాళములు పుట్టకుండ జేసినచో గడ్డ ఎండిపోవును. చెట్టును నఱకక కాలువను గట్టివేయుట వంటి దీ యుపాయము. ఆంజియోస్టాటిన్, ఎండోస్టాటిన్ అను రెండు పదార్థములు ఎలుకలలోని గడ్డలను రూపుమాపినవని వ్యాసము చెప్పెను. వానిని మందులుగా దెచ్చు హక్కులను మేరీలాండు రాష్ట్రమందలి ఎంట్రిమెడ్ అను చిన్న సంఘము సంపాదించుకొనియుండెను.

ఫలమేమైనది? శుక్రవారము సాయంకాలము సుమారు 12 డాలరులున్న ఎంట్రిమెడ్ షేరు సోమవారము ప్రొద్దున 85 డాలరులకు లేచెను. ఆ సాయంకాలమునకే 52 డాలరుల దాపునకు దిగెను. ఉదయమున గొన్నవాడు దీపాలు పెట్టువేళకు షేరొకటికి 33 డాలరులు పోగొట్టుకొనెను. ఆ మందులతో నేమియు సంబంధములేని ఇతర సంఘముల షేరులు గూడ ఆనాడు పెరిగినవి. అంతకంటె శోచనీయమైన దేమనగా, మనుష్యులకు ఇంకను ఇచ్చి చూడని ఆ మందుకొఱకు రోగులును వారి బంధువులును వైద్యులను వేడుకొనసాగిరి.

ఆ వ్యాసము అబద్ధమా? కాదు. జాగ్రత్త లేనిదా? అదియు గాదు. శీర్షికలోనే జాగ్రత్త యను మాటయు, ఎలుక యను మాటయు నున్నవి. మఱి దోషమెక్కడ? మొదటిది స్థానమందు. మాటలు మెల్లగా చెప్పుచున్నను, మొదటి పుట పెద్దగా కేకవేయుచున్నది. ఆదివారపు పత్రిక మొదటి పుటలో నచ్చైన సందేహము సందేహమువలె గనబడదు, శుభవార్తవలె గనబడును. జనులు చదివినది వాక్యమును గాదు, స్థానమును.

రెండవది కాలమందు. ఎండోస్టాటిన్ విషయమును 1997 నవంబరులోనే నేచర్ అను శాస్త్రపత్రిక ప్రకటించియుండెను. న్యూయార్కు టైమ్సు కూడ అప్పుడే లోపలి పుటలో దానిని తెలిపియుండెను. అయిదు నెలలకు పైబడిన వార్త మే నెలలో క్రొత్తవార్త యయ్యెను. కొలంబియా విశ్వవిద్యాలయమునకు జెందిన హ్యూబర్మన్, రెగెవ్ అను పండితులు 2001లో ఈ సంగతిని పరిశీలించి, క్రొత్త విషయ మేమియు లేకుండనే ధర మిన్నుముట్టినదని నిరూపించిరి. కావున తెలిసినదే ఘనముగా చెప్పబడినంతమాత్రమున జనులు దానిని క్రొత్తగా దెలిసికొన్నట్లు భ్రమపడుదురని తేలుచున్నది.

మూడవది ప్రమాణమందు. మన మీమాంసకులు వాక్యములలో విధిని, అర్థవాదమును వేఱుచేసిరి. అర్థవాదము స్తుతి, అది మనస్సును ప్రోత్సహించునే కాని తానై విధింపదు. ఫోక్మన్ రెండేండ్లలో క్యాన్సరును కుదుర్చునని జేమ్సు వాట్సన్ అనినట్లు ఆ వ్యాసములో నుండెను. నోబెలు బహుమానము పొందిన పండితుని మాట! కాని తానట్లనలేదని ఆయన కొలదిదినములకే ఆ పత్రికకు లేఖ వ్రాసెను. అనినను అనకున్నను అది స్తుతియే గాని పరీక్షాఫలము గాదు. అసలు పనిచేసిన ఫోక్మనో, మీరు క్యాన్సరు వచ్చిన ఎలుకలైనచో మిమ్ము బాగుగా చూచుకొనగలమని హాస్యముగా చెప్పుచుండెడివాడు. ఎక్కువ తెలిసినవాడు తక్కువ చెప్పెను. అదియే ఆప్తుని లక్షణము.

విలేఖకురాలి తరపున ఆ వారములోనే ఈ విషయముపై గ్రంథమునకై యొక ప్రతిపాదన ప్రకాశకులకు బంపబడి, ఆక్షేపణలు రాగా ఉపసంహరింపబడెను. దీనిని బట్టి వ్యాసమంతయు స్వార్థమనుట అన్యాయము. వ్రాసినదానిని వ్రాసినవారి లాభమును బట్టి గాక, వ్రాతను బట్టియే తూచవలెను. అయినను ఆప్తుడనగా విషయము నెఱిగినవాడును, మఱియొక ప్రయోజనము లేనివాడును గావలెనను పూర్వుల నియమము వ్యర్థము గాదని ఇందువలన గ్రహింపవచ్చును.

అపనమ్మకస్థులకును ఈ కథలో పాఠము గలదు. అదే సంవత్సరము నవంబరులో వాల్‌స్ట్రీటు జర్నల్ పత్రిక, ఇతర పరిశోధనశాలలు ఫోక్మన్ ఫలితములను మరల సాధింపలేకపోయెనని వ్రాసెను. ఒక్కనాడే షేరు నాలుగవవంతు పడిపోయెను. మోసమే యని కొందఱు తీర్పు చెప్పిరి. 1999 ఫిబ్రవరిలో జాతీయ క్యాన్సరు సంస్థవారు ఎండోస్టాటిన్ ఎలుకలలో పనిచేయుట నిజమేయని ప్రకటించిరి. మనుష్యులలో పరీక్షలు జరిగినప్పుడు మాత్రము ఎలుకలయందలి ఫలము గనబడలేదు. అమెరికాలో అది మందుగా అనుమతి పొందలేదు. అయినను రక్తనాళముల నరికట్టు మార్గము నిలిచినది. 2004లో మఱియొక సంఘమువారి అవాస్టిన్ అను మందు ఆ సూత్రముమీదనే అనుమతి పొందెను. ఫోక్మన్ దానిని జూచి, 2008లో గతించెను. సిద్ధాంతము నిజము, ఆ మందునుగూర్చిన ఆశ నిలువలేదు, షేరుధర చెప్పినది ఈ రెంటిలో నేదియు గాదు.

ఇదంతయు మన కెందులకనవచ్చును. నేడు మన యిండ్లలోను పిల్లల చదువులకని దాచిన సొమ్ము చేతిలోని ఫోనుద్వారా ఒక్క క్షణమున షేరులగుచున్నది. పలుమారు ఇల్లాలికి తెలియకయే యగుచున్నది. సొమ్ము కదలకముందు దంపతులిద్దఱును గూర్చుండి వ్యాసమును తుదివఱకు చదివి, నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు. పరీక్ష జరిగినది ఎలుకలోనా, మనుష్యునిలోనా? ఈ సంగతి మొదట వెలువడిన దెన్నడు? చెప్పువాడు పనిచేసినవాడా, పొగడువాడా? మనము నమ్మినచో లాభము పొందు వారెవరు?

మా సహోపాధ్యాయులను ఆ వ్యాసమును కలిసి చదువుడని కోరితిమి. చదివిరి. మనుష్యులలో పరీక్ష ఇంకను ఆరంభము కాలేదని తుదినుండి రెండవ పేరాలో నున్నది. నమ్మినవారు సిగ్గుపడిరి, "ఇది వ్రాసియే యున్నారే" యని నమ్మనివారును సిగ్గుపడిరి.