60 అంటే ఎక్కడి 60?

మంచుకొండల్లో స్నోమొబైల్ తోలేవాళ్లు తరచూ ఒకరినొకరు అడిగే ప్రశ్న, ముందు షాకుల్లో గాలి ఎంత పెట్టావని. 60 పీఎస్ఐ అని జవాబు వస్తుంది. అది సగం జవాబే. ఏ చలిలో కొలిచిన 60, ఎంత ఎత్తున, ఎంత బరువు మనిషికి అన్నది తెలియకపోతే ఆ అంకె ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటిది.

స్కీల మీద ఇనుప స్ప్రింగ్ ఉన్న బండిలో లెక్క సులువు. మొదటి అంగుళం నొక్కడానికి ఎంత బలం కావాలో, రెండో అంగుళానికి మళ్లీ అంతే కలపాలి. ఫాక్స్ ఫ్లోట్ లాంటి షాకుల్లో ఆ స్ప్రింగ్ ఉండదు. మూసిన గదిలోని గాలే స్ప్రింగ్. కుదుపును అణచే పని నూనెది, బరువు మోసే పని గాలిది. సముద్రమట్టాన 60 ఉన్న గాలిని సగం చోటులోకి నొక్కితే పీడనం 120 కాదు, దాదాపు 135 అవుతుంది. గేజ్ చూపని బయటి గాలి పీడనం, అంటే 14.7 కూడా, లెక్కలోకి వస్తుంది మరి. అందుకే చిన్న గతుకులకు మెత్తగా లొంగే షాకు పెద్ద దూకుడుకు గట్టిగా ఎదురు తిరుగుతుంది. కొండవాలుకు అడ్డంగా, ఒక పక్కకు ఒరిగి పొడిమంచును కోసుకుంటూ పోవాల్సిన బండికి ఈ గుణం బాగా అక్కరకొస్తుంది. గాలి మరీ ఎక్కువైతే బండి ఒరగనని మొండికేస్తుంది. మరీ తక్కువైతే ప్రతి గుంటలోనూ ముక్కు కూరుకుపోతుంది.

ఇదే గాలికి చలి పడదు. 20 డిగ్రీల వెచ్చని షెడ్డులో 60 పెట్టిన షాకు, మైనస్ 20లో రాత్రంతా నిలబడితే దాదాపు 50కి దిగుతుంది. చుక్క గాలి కూడా బయటికి పోలేదు, చలికి ముడుచుకుందంతే. ఎత్తుది దీనికి సరిగ్గా వ్యతిరేకం. వ్యోమింగ్‌లోని టోగ్వొటీ కనుమ 9,600 అడుగులు దాటుతుంది. అక్కడ బయటి పీడనం తక్కువ కాబట్టి తీరప్రాంతంలో నింపిన షాకు అదే చలిలో నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే చూపుతుంది. ఒకటి తగ్గించింది, ఇంకొకటి కొంత పూడ్చింది. చివరికి ఎంత మిగిలిందో అక్కడ కొలిస్తేనే తెలుస్తుంది. కాబట్టి బండిని ముందు బయట పెట్టి చల్లబడనివ్వాలి. స్కీలు నేల విడిచేలా ముందు భాగాన్ని లేపితే షాకులు పూర్తిగా సాగుతాయి, అప్పుడు కొలవాలి. పెట్రోల్ బంకులో టైర్లకు కొట్టే గాలి గొట్టం దీనికి పనికిరాదు. షాకులో చోటు అంత చిన్నది, ఒక్క తోపుకే హద్దు దాటుతుంది. సన్న గేజ్ ఉన్న చేతిపంపే కావాలి. అదైనా బిగించగానే షాకులోని గాలి కాస్త గొట్టంలోకి పాకుతుంది, ముల్లు రెండు మూడు తక్కువ చూపుతుంది. చూద్దాంలే అని నాలుగుసార్లు బిగించి విప్పితే, చూడటంతోనే గాలి తగ్గుతుంది! మంచి పంపును విప్పేటప్పుడు వినిపించే సుస్సుమన్న చప్పుడు మాత్రం గొట్టంలోని గాలిది, షాకుది కాదు. దానికి కంగారుపడి ఇంకో రెండు కొట్టడం మామూలు పొరపాటు.

ఇంత తతంగం ఎందుకు, ఇనుప స్ప్రింగ్ బిగించుకుంటే పోలేదా అనేవాళ్ల మాటలో నిజముంది. చదును చేసిన దారిలో, ఎప్పుడూ ఒకే బరువుతో తిరిగేవారికి స్ప్రింగే మేలు. చలి దాన్ని పెద్దగా కదిలించదు. కానీ ఇవాళ ఒంటరిగా, రేపు వీపున బరువైన సంచితో, వెనక పెట్రోల్ క్యానుతో కొండెక్కేవాడు స్ప్రింగ్ మార్చాలంటే పానాలు పట్టుకుని కూర్చోవాలి. గాలైతే రెండు నిమిషాల పని. లోతైన మంచే పరుపైనప్పుడు ఐదు పీఎస్ఐ తేడా ఎవరికి తెలుస్తుందన్నది ఇంకో వాదన. తాజా పొడిమంచులో నిజంగానే తెలియదు. పగలంతా బండ్లు తొక్కి గట్టిపడిన గతుకుల మీదుగా సాయంత్రం వెనక్కి రావాలిగా, అక్కడ నడుముకు తెలుస్తుంది. షాకు గొట్టానికి ప్లాస్టిక్ ట్యాగు ఒకటి చుడితే అది ఎంతవరకు జరిగిందో చూసి ఆ రోజు షాకు ఎంత నొక్కుకుందో చెప్పొచ్చు. చివరిదాకా ఎప్పుడూ రాకపోతే గాలి ఎక్కువైనట్టు, ప్రతి గతుకుకూ అంచు తాకితే తక్కువైనట్టు.

సీళ్లు కారతాయన్న ఫిర్యాదుకూ ఆ చేతిపంపే సాక్ష్యం. చలి రెండు షాకులనూ ఒకేలా దించుతుంది. నిన్న రెండూ 60, ఇవాళ అదే చలిలో కుడిది 60, ఎడమది 52 అయితే తప్పు వాతావరణానిది కాదు, ఎడమ సీలుది.